ఉంచుదామా, తీసేద్దామా?

సోమవారం పొద్దున్నే రమ్యకు ఒళ్లు మండింది.

ఆళ్లగడ్డలో ఆమె ఇంగ్లీషు చెప్పే ప్రైవేటు స్కూల్లో ఒక కంప్యూటర్ రూం ఉంది. అన్నీ ముసలి సిస్టమ్‌లే. అయినా పిల్లలకు పనికొస్తాయని ఒక్కో సిస్టమ్ ముందు కూర్చుని, బ్రౌజర్‌కి తనకు నచ్చిన ఎక్స్‌టెన్షన్లన్నీ తగిలించుకుంది. మాట మీద రెండుసార్లు నొక్కితే అర్థం చెప్పే డిక్షనరీ ఒకటి, దాన్ని పలికి వినిపించే డిక్షనరీ ఇంకొకటి. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడేది. పేజీ రంగు మార్చేది. మౌస్ బాణాన్ని పిల్లికూన చేసేది.

ఆ రోజు తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. బ్రౌజర్ పైపట్టీ బోడిగుండులా నున్నగా ఉంది.

“ఎవురు తీసేసినారు నా ఎక్స్‌టెన్షన్లన్నీ?” గదిలో ఎవరూ లేరనుకుని గట్టిగానే అరిచింది.

“నేనే మేడమ్” అంది బల్ల కింద నుంచి ఒక గొంతు.

మనిషి ఇంకా కనబడలేదు. కానీ ఆ గొంతు వినగానే రమ్య చేతిలోని చాక్‌పీసు జారి కిందపడింది. ఐదేళ్లుగా వినని గొంతు. పనిగట్టుకుని మరిచిపోయిన గొంతు.

బల్ల కింద ధన్‌మని శబ్దం వచ్చింది. తల రుద్దుకుంటూ, జుట్టు నిండా దుమ్ముతో, చేతిలో వైర్ల కట్టతో ఒక మనిషి పైకి లేచాడు. రమ్యను చూసి అలాగే నిలబడిపోయాడు.

“తగిలిందా?” అడిగింది రమ్య.

“తగిలింది.”

“మంచిదే.”

అతను రూబెన్. శిరివెళ్ల రూబెన్. ఇప్పుడు నంద్యాలలో చిన్న కంప్యూటర్ల షాపు పెట్టుకున్నాడట. స్కూలు కరస్పాండెంట్ డేనియల్ గారే పిలిపించారు. పోయిన వారం ఎనిమిదో తరగతి పాఠం మధ్యలో తెరనిండా పేకాట ప్రకటన వచ్చి పడటంతో, పనికొచ్చేవి ఉంచి మిగిలినవన్నీ ఏరిపారేయమని చెప్పారు.

“ఏవి పనికొస్తాయో నన్నడగాల్నా వద్దా?” అంది రమ్య.

“ఇంగ్లీషు మేడమ్‌ను అడిగి చేయమన్నారు. ఆ మేడమ్ నువ్వని…” ఆగి, “మీరని తెలీదు” అన్నాడు.

“తెలిసింటే వచ్చేవాడివి కాదు.”

బెల్లు మోగింది.

* * *

వాళ్లు మొదట కలిసిందీ ఇలాంటి గొడవతోనే. ఆ రోజుల్లో ఇద్దరూ నంద్యాల సంజీవనగర్‌లో బ్యాంకు కోచింగ్‌కు వెళ్లేవాళ్లు. కోచింగ్‌కు ఎదురుగా సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. మాక్ టెస్టులు రాయాలంటే అందరూ అక్కడికే పరుగు. ఒకనాడు కుండపోత వాన. బట్టలన్నీ తడిసి, లోపలికొచ్చి కూర్చున్న రమ్య బ్రౌజర్ తెరిచేసరికి పై సగమంతా టూల్‌బార్లే. ఒకటి వాతావరణం చెబుతుంది, ఒకటి జాతకం చెబుతుంది, ఇంకొకటి ఏం చెబుతుందో దానికే తెలియదు. మాక్ టెస్ట్ ప్రశ్న కనబడటానికి రెండు వేళ్ల సందు మిగిలింది.

పక్క సిస్టమ్ అబ్బాయి తొంగి చూశాడు.

“ఇంతమందిని ఎవురు పిల్సినారు మీ ఇంటికి?”

“నేనెవురినీ పిల్వలే. వాటంతట అవే అడిగినాయి. యెస్ అన్న్యా.”

“అడిగినోళ్లందరికీ యెస్ అంటావా?”

“నువ్వడిగి చూడు. నో అంటా.”

అబ్బాయి నవ్వాడు. అడగకుండానే వంగి, వాటన్నింటినీ ఒక్కొక్కటిగా పీకేశాడు. ఆ పీకడంలో ఆమె రాస్తున్న టెస్టు కూడా పోయింది. ఆ తిట్లతో మొదలైంది పరిచయం.

శనివారం సాయంత్రం ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కేవాళ్లు. అతను శిరివెళ్ల మెట్ట దగ్గర దిగాలి, ఆమె చివరి దాకా పోవాలి. దారంతా ఒకరినొకరు జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు అడుక్కునేవాళ్లు. అటు కొండలు నల్లబడుతుండేవి, ఇటు వరిచేల మీద కొంగలు లేచేవి, బస్సులో వాళ్లు మాత్రం ఏ దేశానికి ఏది రాజధానో తేల్చుకుంటూ ఉండేవాళ్లు. అతను దిగిపోయాక కూడా ఆమె కిటికీలోంచి ఆఖరి ప్రశ్న విసిరేది. అతను రోడ్డు మీద నిలబడి జవాబు అరిచేవాడు. అది ఎప్పుడూ తప్పే. తప్పని తెలిసే అరుస్తాడని ఆమెకు చాలా రోజులకు అర్థమైంది. సోమవారం ఆమె దిద్దుతుందిగా, అందుకని.

“ఉద్యోగం వచ్చినాంక మీ నాయనతో మాట్లాడతా” అన్నాడొకసారి, శ్రీనివాస సెంటర్‌లో టీ తాగుతూ.

“రాకపోతే?”

“వస్తాది.”

రాలేదు. ఇద్దరికీ రాలేదు. ఆ ఫలితాలు వచ్చిన వారంలోనే రూబెన్ కోచింగ్ మానేశాడు. ఫోన్ చేస్తే ఆ నంబరు లేదంది. డోన్‌లో ఎవరో బంధువుల కంప్యూటర్ షాపులో పనికి కుదిరాడని స్నేహితులు చెప్పారు. ఒక్క మాటైనా చెప్పి వెళ్లలేదు. రమ్య కొన్నాళ్లు ఏడ్చింది, కొన్నాళ్లు తిట్టుకుంది, తర్వాత బీఈడీ చేసి పాఠాలు చెప్పుకోవడంలో పడింది.

* * *

ఆ వారమంతా స్కూలు వదిలాక ఇద్దరూ కంప్యూటర్ రూంలో కూర్చోవలసి వచ్చింది. మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. సోమవారం పీకేసినవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ తగిలించి చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చాలి. పాత సిస్టమ్‌లు కనుక ఎక్కువ బరువు మోయలేవు. ఎన్ని తగిలిస్తే అంత నెమ్మదిస్తాయి. ఉండేవి నాలుగే అయినా నికరమైనవి కావాలి.

“ప్రకటనలు ఆపేది. ఇది ఉంచుదాం” అన్నాడు రూబెన్.

“ఉంచుదాం.”

“పిల్లికూన తీసేద్దాం.”

“పిల్లోళ్లకు ఇష్టం.”

“అది ఏమేం అడుగుతాందో చదివినావా? నువ్వు చూసే ప్రతి పేజీ నేనూ చదువుతా, మారుస్తా అంటాంది. బాణాన్ని పిల్లిని చేసేదానికి అంత చనువు ఎందుకు?”

రమ్య చదివింది. నిజమే. ఇన్నాళ్లూ ఆ పేరా చూడకుండానే యెస్ నొక్కేసింది. “సరే, తీసెయ్” అంది ముఖం చిట్లించి.

“ఈ తెలుగు టైపింగ్‌ది కూడా తీసేద్దాం. చేసినోళ్లు దీన్ని ఎప్పుడో వదిలేసినారు. పట్టించుకునేవాళ్లు లేనిది ఉంచుకుంటే ముప్పే. ఇట్లాంటిదే కొత్తది, మంచిది ఉండాది.”

“అంటే, పట్టించుకోకుండా వదిలేసినోళ్లను మనమూ తీసేయాలన్నమాట.”

రూబెన్ చెయ్యి మౌస్ మీద ఆగింది. “నేను కంప్యూటర్ గురించి చెప్తాండా.”

“నేనూ దాని గురించే చెప్తాండా.”

డిక్షనరీల దగ్గర మాత్రం ఇద్దరూ పట్టుపట్టారు. ఒకే పనికి రెండెందుకని అతను. ఒకటి అర్థం చెబుతుంది, ఒకటి పలుకుతుంది, రెండూ కావాలని ఆమె. చివరికి రూబెన్ చాలాసేపు వెతికి, మాటకు అర్థం చెప్పి, పేజీ మొత్తాన్ని చదివి కూడా వినిపించే ఒకదాన్ని పట్టుకున్నాడు. అది తెలుగు కూడా చదువుతుంది. ఎవరు చేశారో, ఏమేం అడుగుతుందో అంతా చూశాకే తగిలించాడు. తర్వాత మౌస్‌ను రమ్య వైపు జరిపాడు.

ఆమె పాఠంలోని ఒక పేజీ తెరిచి వినిపించుకుంది. బాగుంది. బాగుందని చెప్పలేదు గానీ, మర్నాడు వచ్చినప్పుడు మధ్యలో ఉన్న ఖాళీ కుర్చీలో తన బ్యాగు పెట్టకుండా, తానే కూర్చుంది.

* * *

పేజీ వినాలంటే పిల్లలకు హెడ్‌ఫోన్లు కావాలి. నాణ్యం చూసి తీసుకురమ్మని డేనియల్ గారు శనివారం ఇద్దరినీ నంద్యాలకు పంపారు. హెడ్‌ఫోన్లు కొన్నాక, ఎవరూ అనకుండానే వాళ్ల కాళ్లు సంజీవనగర్ సందులోకి తిరిగాయి.

నెట్ సెంటర్ లేదు. దాని స్థానంలో టిఫిన్ సెంటర్ వచ్చింది. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన సందంతా కమ్ముకుంది. ఇద్దరూ లోపలికి వెళ్లి తలో ప్లేటు చెప్పి కూర్చున్నారు.

“ఈడే కదా నా సిస్టమ్?” అంది రమ్య.

“ఈడ నాది. నీది ఆ ఇడ్లీ పాత్ర ఉండే తావు.”

“కాదప్పా, నా పక్కన కిటికీ ఉండె. వానజల్లు కీబోర్డు మీద పడేది.”

“ఆ కిటికీ మూసేసినారు. చూడు, గోడ మీద కొత్త సున్నం.”

ఇద్దరూ ఆ గోడ వైపు చూశారు. ఎన్ని మధ్యాహ్నాలు ఆ కిటికీ పక్కన! మాక్ టెస్టులో మార్కులు తగ్గాయని ఆమె ముఖం ముడుచుకుంటే, అతను తన మార్కులు ఇంకా తక్కువని అబద్ధం చెప్పేవాడు. కరెంటు పోతే చీకట్లో అందరూ కేకలు వేసేవాళ్లు. వీళ్లిద్దరూ మాత్రం మాట్లాడకుండా కూర్చునేవాళ్లు, కరెంటు అప్పుడే రాకూడదని. ఇప్పుడు ఆ చోట ఎవరో కుటుంబం పూరీలు తింటోంది.

రమ్య చేతిలోని మిరపకాయ బజ్జీని ప్లేటులో పెట్టేసింది.

“ఎందుకు పోయినావు?” అడిగేసింది.

“ఉద్యోగం రాలే.”

“నాకూ రాలే. నేను పోయినానా? ఉద్యోగం రాకపోతే ఫోన్‌కు ఏమొచ్చింది?”

రూబెన్ ప్లేటులోకి చూస్తూ, “మీ ఇంట్లో…” అని ఆగిపోయాడు.

“మా ఇంట్లో ఏందీ?”

“ఏంలేదు. తిను, చల్లారిపోతాంది.”

ఆళ్లగడ్డ బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శిరివెళ్ల మెట్ట వచ్చినప్పుడు అతను దిగి, రోడ్డు మీద నిలబడి, ఆమె ఏదైనా అడుగుతుందేమో అన్నట్టు చూశాడు. ఆమె అడగలేదు. బస్సు కదిలాక, అడిగి ఉంటే బాగుండేదని ఊరు చేరేదాకా అనుకుంటూనే ఉంది.

* * *

రమ్య తండ్రి పరంజ్యోతి గారు రిటైరైన హెడ్‌మాస్టరు. తల్లి పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరే. ఈ మధ్య ఆయనకు కళ్లు సరిగా ఆనడం లేదు. పొద్దున పేపర్ చదవలేకపోవడం ఆయనకు అన్నం మానేసినంత బాధ. పేజీని చదివి వినిపించే ఎక్స్‌టెన్షన్ గురించి రమ్య మాటల్లో చెప్పగానే పట్టుకున్నారు.

“ఆ పిల్లోణ్ణి ఒకపారి ఇంటికి పిలువమ్మా. నా లాప్‌టాప్‌లో కూడా పెడతాడేమో.”

“నేను పెడతాలే నాయనా.”

“నువ్వు అన్నింటికీ యెస్ అంటావంట కదా. నువ్వే చెప్తివి. ఆయప్పనే పిలువు.”

రమ్యకు తప్పలేదు. పిలిస్తే రూబెన్ వెంటనే సరే అనలేదు. “మీ నాయన పిల్సినాడా? నన్నా?” అని రెండుసార్లు అడిగి, చివరికి వస్తానన్నాడు.

ఆదివారం సాయంత్రం మబ్బు పట్టింది. రమ్య వరండాలో నిలబడి చూస్తోంది. రూబెన్ వీధి మలుపు తిరిగి, చిరునామా ఎవరినీ అడగకుండా నేరుగా వాళ్లింటికే వచ్చాడు. గేటు ముందు క్షణం తటపటాయించాడు. ఆ గేటు ఒక మొండి ఘటం. కొత్తవాళ్లెవరు వచ్చినా తోసి తోసి విసుగెత్తి కేకేస్తారు. రూబెన్ దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి, పక్కకు జరిపి, సునాయాసంగా లోపలికొచ్చాడు.

రమ్య మెట్లు దిగింది.

“ఈ గేటు ఎత్తి తీయాలని నీకెట్ల తెలుసు?”

రూబెన్ ముఖం పాలిపోయింది.

“నువ్వు ఎప్పుడొచ్చినావు మా ఇంటికి? నిజం చెప్పు.”

చినుకులు మొదలయ్యాయి. అయినా ఇద్దరూ కదల్లేదు.

“రిజల్ట్స్ వచ్చిన మూడోనాడు” అన్నాడు నెమ్మదిగా. “ఉద్యోగం రాకున్నా మాటైనా చెప్పి పోదామని వచ్చినా. మీ నాయన ఈడే చెట్లకు నీళ్లు పోస్తాండాడు. ఏం చేస్తాండావప్పా అనడిగినాడు. చదువుకుంటాండా సార్ అన్న్యా. ముందు చదువు పూర్తి చెయ్యి, ఆ తర్వాత చూద్దాం అని లోపలికి పోయినాడు. నువ్వు అంతా చెప్పింటావు, ఆయన తేల్చేసినాడు అనుకున్న్యా. ఏ మొగం పెట్టుకొని ఫోన్ చేసేది?”

“నేను చెప్పలే! నీ పేరు కూడా మా నాయనకు తెలీదు!”

“తెలీదా?”

“ఐదేండ్లు రూబెన్! ఒక్క ఫోన్ చేసి ‘ఎందుకట్లన్నాడు మీ నాయన’ అని అడిగింటే ఏం పోతాండె?”

అతను తడుస్తూ నిలబడ్డాడు. ఆమె గిర్రున తిరిగి ఇంట్లోకి పోయింది. వెనకే అతనూ వెళ్లాడు.

పరంజ్యోతి గారు లాప్‌టాప్ ముందు అద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. “రాప్పా, కూర్చో. ముందు ఇది చెప్పు. ఈ ఎక్స్‌టెన్షన్ నా నుంచి ఏమడుగుతాది?”

“నాయనా, అది తర్వాత” అంది రమ్య. “ఈయనను ఎప్పుడైనా చూసినావా?”

ఆయన అద్దాలు పెట్టుకుని, దగ్గరికి రమ్మని, రూబెన్ ముఖాన్ని పరీక్ష పేపరులా చూశారు. “లేదే.”

“ఐదేండ్ల కింద మనింటికి వచ్చినాడంట. చదువు అయినాంక చూద్దాం పో అని పంపిచ్చినావంట.”

“ఓ! అప్పుడా?” పరంజ్యోతి గారు తొడ చరుచుకున్నారు. “రిటైరైన కొత్తలో రోజుకొకడు వచ్చేవాడు గదమ్మా, సార్ ఉద్యోగానికి రికమెండేషన్ రాయండి, సార్ ఫలానా ఆయనకు చెప్పండి అని. అందరికీ అదే మాట చెప్తాంటి. వీడూ అట్లాంటోడే అనుకున్న్యా. ఏమప్పా, నీ పేరు, వచ్చిన పని చెప్పేదానికేం?”

“చెప్పేలోపల మీరు లోపలికి పోయినారు సార్.”

“పిలువరాదా?”

“మీరు హెడ్‌మాస్టరు. భయమైంది.”

పరంజ్యోతి గారు నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయారు. ఆమె కళ్లలో నీళ్లు. ఫలితాలు వచ్చినప్పుడు ఎన్నో రోజులు అన్నం సరిగా తినని పిల్ల ఆయనకు గుర్తొచ్చింది. అది ఉద్యోగం రాలేదన్న దిగులే అనుకున్నారాయన. ఇప్పుడు అర్థమయింది.

ఆయన లాప్‌టాప్ మూసేశారు.

“సరే, ఆ దినం అడగలేకపోతివి” అన్నారు చివరికి, గొంతు తగ్గించి. “ఇప్పుడడుగు. నేను లోపలికి పోనులే.”

రూబెన్ లేచి నిలబడ్డాడు. “రమ్యను నాకిస్తారా సార్ అని అడిగేదానికి వచ్చినా. అప్పుడూ అందుకే.”

“ఆ మాట నన్ను కాదప్పా అడగాల్సింది. ఆయమ్మిని అడుగు.”

రూబెన్ ఆమె వైపు తిరిగాడు. బస్సు పక్కన నిలబడి తప్పు జవాబులు అరిచిన మనిషి, ఒక చిన్న ప్రశ్న అడగలేక చేతులు నలుపుకుంటున్నాడు.

“నాకు ఇంకా కోపంగానే ఉండాది” అంది రమ్య. “అంత బేగా పోదు.”

“ఉండనీ. పోయేదాకా ఉంటా.”

“మల్ల సిమ్ మార్చవు కదా?”

“మార్చను.”

“ఫోన్ తీ. మీ అమ్మకు చెయ్. నువ్వు నిజంగా చేసుకుంటానంటాండావో, వాన తగ్గేదాకా ఊరికే అంటాండావో ఆయమ్మ ముందర తేలాల.”

రూబెన్ తల్లి సారమ్మ శిరివెళ్లలో ఉంటుంది. అతను ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. వెనక ఎక్కడో గేదె అరుపు, గిన్నెల చప్పుడు.

“ఏం నాయనా, వానలో యాడుండావు?”

“అమ్మా, ఆళ్లగడ్డలో ఉండా. ఈడ… రమ్య వాళ్లింట్లో.”

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఏ రమ్య? నంద్యాల రమ్యనా?”

రమ్య ఉలిక్కిపడి రూబెన్ వైపు చూసింది. అతను తల వంచుకున్నాడు.

“అవునమ్మా.”

“నీతో కోచింగ్ చదివిన రమ్యనా? యాడికి పోయినా ఆ సంబంధం వద్దు ఈ సంబంధం వద్దంటా, ఎవురి పేరు చెప్పి నా ప్రాణం తీస్తివో, ఆ రమ్యేనా? పక్కనుందా? ఒకపారి ఇయ్యి ఫోను.”

ఐదేళ్ల కోపాన్ని రమ్య ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చింది. సంబంధాలు వచ్చినప్పుడల్లా తానూ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూనే ఉంది. శిరివెళ్లలో ఒక ఇంట్లో తన పేరు అంతకాలం అన్నం దగ్గరా, ప్రార్థన దగ్గరా తిరుగుతూ ఉందని ఆమెకేం తెలుసు? ఫోన్ చేతిలోకి తీసుకుంది. “ఆంటీ, బాగుండారా” అని మర్యాదగా అందామనుకుంది.

“అత్తా!” అంది.

అన్నాక గానీ తాను ఏమన్నదో ఆమెకు తెలియలేదు. పరంజ్యోతి గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. రూబెన్ కుర్చీలో కూలబడ్డాడు.

అవతల సారమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

“ఇంగోపారి అను తల్లీ” అంది తర్వాత. “గేదె అరుపులో సరిగ్గా వినబళ్లే.”

వినబడిందని ఇద్దరికీ తెలుసు. అయినా రమ్య ఇంకొకసారి పిలిచింది, ఈసారి నవ్వుతూ, వాన చప్పుడును మించి వినబడేటట్టు.